జార్జి గావన్ డఫీ

జార్జి గావన్ డఫీ (1882–1951) ఐర్లండు స్వాతంత్ర్య సమరమున పాల్గొనిన రాజకీయవేత్త. 1921 నాటి ఆంగ్లో-ఐరిష్ సంధిపై చేవ్రాలు చేసిన ఐదుగురు ఐరిష్ ప్రతినిధులలో నొకడు. కొలదిమాసములు విదేశాంగ మంత్రి. తరువాత హైకోర్టు న్యాయమూర్తియై, తుదకు ఆ న్యాయస్థానమునకే అధ్యక్షుడైనవాడు. రాజకీయరంగము నుండి న్యాయపీఠమునకు పోవుట ఐర్లండులో అపూర్వమైన విషయము కాదు. ఆ సంధివలన నేర్పడిన ఐరిష్ స్వేచ్ఛారాజ్యపు తొలి ప్రధాన న్యాయమూర్తి హ్యూ కెన్నెడీ 1924లో ఆ పదవి నధిష్ఠించుటకు ముందు శాసనసభ్యుడుగను, అటార్నీ జనరలుగను పనిచేసెను. డఫీకి ముందు హైకోర్టు అధ్యక్షుడుగ నుండిన కానర్ మగ్వైరును శాసనసభలో కూర్చుండి వచ్చినవాడే. ఆ ఇరువురును అధికారములో నున్న పక్షమును అంటిపెట్టుకొని పీఠమునకు చేరిరి. డఫీ మాత్రము చేతనున్న మంత్రిపదవిని వదలుకొని, తరువాతి యెన్నికలలో ఓడి, పదుమూడేండ్లు న్యాయవాదవృత్తిలో గడపిన పిదప న్యాయమూర్తి యయ్యెను. ఏ ప్రశ్నపై 1922లో ఆయన మంత్రిపదవిని విడిచెనో, ఆ ప్రశ్నయే 1939లో వ్యాజ్యరూపమున ఆయన యెదుటికి తిరిగివచ్చెను. ఆయన జీవితమున చరిత్రకారుడు తప్పక నిలిచి చూడవలసిన తావు అదియే.

డఫీ 1882 అక్టోబరు 21వ తేదీన ఇంగ్లండులోని చెషైరు మండలమున రాక్‌ఫెర్రీ అను ఊర జన్మించెను. తండ్రి సర్ చార్లెస్ గావన్ డఫీ. ఆయన 1842లో ‘నేషన్’ పత్రికను స్థాపించినవారిలో నొకడై, యంగ్ ఐర్లండ్ ఉద్యమమునకు నాయకుడై, 1848లో రాజద్రోహాభియోగముపై చెఱసాల చేరి, పలుమాఱులు విచారణకు గుఱియై, జ్యూరీలు ఏకాభిప్రాయమునకు రాజాలమిచే 1849లో బయటపడి, పిమ్మట ఆస్ట్రేలియాకు వలసపోయి, 1871లో విక్టోరియా వలసరాజ్యమునకు ప్రధానియైన విచిత్రచరిత్రుడు. రాణిచే సర్ బిరుదమందిన యీ పూర్వ రాజద్రోహి వార్ధకమును ఫ్రాన్సు దక్షిణతీరమునందలి నీస్ నగరమున గడపుటచే జార్జి బాల్యమంతయు అచ్చటనే గడచెను. ఫ్రెంచి, ఇటాలియను భాషలు ఆ బాలునకు ఆటపాటలలోనే అబ్బినవి. తరువాతి చదువు ఇంగ్లండులోని స్టోనీహర్స్టు జెసూట్ విద్యాలయమున సాగెను. ఆ కుటుంబమున న్యాయశాస్త్రము వంశవిద్య వంటిది: సవతి అన్న ఫ్రాంక్ 1931లో ఆస్ట్రేలియా ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. సోదరి లూయీజ్ మాత్రము వేఱుమార్గము త్రొక్కి, 1916 తిరుగుబాటు దినములలో డబ్లిన్ ప్రధాన తపాలా కార్యాలయమున తిరుగుబాటుదారులకు అన్నము వండిపెట్టి, మఱుసటి యేట ఐరిష్ భాషలో బోధించు పాఠశాలను నెలకొల్పెను.

1907లో జార్జి లండనులో సొలిసిటరుగ నమోదయ్యెను. ఆ దేశపు పద్ధతిలో కక్షిదారుని కలిసికొని, మాట విని, సాక్ష్యములు ప్రోగుచేసి కాగితములు సిద్ధపఱచువాడు సొలిసిటరు. న్యాయస్థానమున నిలిచి వాదించువాడు బారిస్టరు. నగరములోని యొక పేరుగల సంస్థలో భాగస్వామియై, లోటులేని రాబడితో, ‘నేషన్’ పత్రికకు సంపాదకత్వము వహించిన ఏ. ఎం. సలివన్ కుమార్తె మార్గరెట్‌ను వివాహమాడి, ఆయన సుఖముగనే కాలము గడపుచుండెను. ముప్పది మూడవయేట ఒక్క కేసు ఆ జీవితమును తలక్రిందులు చేసెను.

1916 ఏప్రిల్‌లో సర్ రోజర్ కేస్‌మెంట్ జర్మను జలాంతర్గామి నుండి దిగి, కెర్రీ తీరమున పట్టువడెను. కాంగోలోను, దక్షిణ అమెరికాలోని పుటుమాయో ప్రాంతమునను రబ్బరు వర్తకులు చేసిన ఘోరములను బ్రిటిషు కాన్సలుగ లోకమునకు వెల్లడించి సర్ బిరుదము పొందిన మహనీయుడు, ఐర్లండు విముక్తికై జర్మనీ సహాయమర్థించి రాజద్రోహియయ్యెను. యుద్ధము మధ్య, తూర్పు ఫ్రాన్సున వేలకొలది సైనికులు కూలుచున్న వేళ, ఆ మనుష్యుని పక్షము వహించుటకు లండనులో ఎవ్వరును ముందునకు రాలేదు. డఫీ వచ్చెను. కేసు స్వీకరించినచో సంస్థను విడువవలసియుండునని భాగస్వాములు స్పష్టముగ చెప్పిరి, ఆయన విడిచెను. ఇంగ్లండులో పేరుగల బారిస్టరులు నిరాకరించుటచే తుదకు డబ్లిన్ నుండి తన బావమఱది సార్జెంటు సలివన్‌ను పిలిపించుకొనవలసివచ్చెను.

ఆ విచారణ ఆధారపడినది 1351వ సంవత్సరపు శాసనముపై. నార్మన్ ఫ్రెంచిలో వ్రాయబడిన ఆ శాసనమున, రాజ్యములో రాజశత్రువులకు తోడ్పడువాడు ద్రోహి యను వాక్యమునకు చివర ‘లేక అన్యత్ర’ అను భావమిచ్చు మాట యున్నది. ఆ మాట ద్రోహము జరిగిన చోటికి అన్వయించునా, శత్రువులున్న చోటికి మాత్రమే అన్వయించునా యనునదియే ప్రశ్న. జర్మనీలో చేసిన కార్యము ఆ శాసనమునకు లోబడదని కేస్‌మెంట్ పక్షము వాదించెను. న్యాయమూర్తులు దస్తావేజుల భాండాగారమునకు పోయి, భూతద్దము చేబూని, ఐదువందల అఱువదియైదేండ్ల నాటి తోలుప్రతిపై విరామచిహ్నములుగ తోచిన గీతలను పరిశీలించిరి. గీతలు ప్రభుత్వపక్షమున మొగ్గినవి. జూన్ 29న మరణశిక్ష విధింపబడెను; అప్పీలు త్రోసివేయబడెను; ఆగస్టు 3న పెంటన్‌విల్ చెఱసాలలో ఉరి అమలయ్యెను. శవమును బంధువుల కిండని డఫీ కోరగా అధికారులు నిరాకరించిరి. చట్టము యొక్క యక్షరము మనుష్యుని ప్రాణముపై నెంత బరువు మోపగలదో అంత సమీపము నుండి చూచినవాడు, తరువాత తానే తీర్పు చెప్పవలసిన నాడు ఆ దృశ్యమును మఱచియుండునని నేను తలంపజాలను.

లండను వృత్తి ముగిసెను. మఱుసటి యేట డఫీ డబ్లిన్‌లో బారిస్టరుగ ప్రవేశించి, 1918 డిసెంబరు సార్వత్రిక యెన్నికలలో స్వాతంత్ర్యవాదుల పక్షమైన షిన్ ఫేన్ అభ్యర్థిగ దక్షిణ డబ్లిన్ నుండి గెలుపొందెను. గెలిచినవారు వెస్ట్‌మినిస్టరుకు పోక, 1919 జనవరి 21న డబ్లిన్ మాన్షన్ హౌసున తమ స్వంత శాసనసభయైన డాయిల్‌ను ఏర్పాటు చేసికొనిరి. ఆ నాటి స్వాతంత్ర్య ప్రకటన రచనలో ఆయనకు భాగము కలదు. దానిని సభలో ఫ్రెంచి భాషలో చదివినవాడును ఆయనయే. శాంతిమహాసభ జరుగుచున్న ప్యారిస్ చెవికి అది సోకవలెనని వారి యాశ. ఆ యాశతోనే డఫీ రాయబారిగ ప్యారిస్ పంపబడెను. మిత్రరాజ్యమైన బ్రిటనును నొప్పించుటకు ఫ్రాన్సు ఇష్టపడదు కావున అచ్చట సాధించిన ఫలము స్వల్పము. కార్క్ నగరాధ్యక్షుడు టెరెన్స్ మాక్‌స్వీనీ బ్రిక్‌స్టన్ చెఱలో నిరాహారదీక్షలో నుండగా ఆయన సల్పిన నిరసనకు ప్రతిఫలముగ 1920లో ఫ్రెంచి ప్రభుత్వ మాయనను దేశమునుండి వెడలగొట్టెను. పిమ్మట రోములో రాయబారిత్వము నెఱపెను.

1921 అక్టోబరు 11న లండనులో సంధిసంభాషణలు మొదలయ్యెను. ఐరిష్ పక్షమున ఆర్థర్ గ్రిఫిత్, మైకేల్ కాలిన్స్, రాబర్ట్ బార్టన్, ఈమన్ డగ్గన్, గావన్ డఫీ ప్రతినిధులు. ఎర్స్‌కిన్ చైల్డర్స్ కార్యదర్శి. బల్లకు ఆవలివైపున ప్రధాని లాయిడ్ జార్జితోను చర్చిల్‌తోను కూర్చున్న లార్డ్ ఛాన్సలరు బర్కెన్‌హెడ్ ప్రభువు మఱెవరో కాదు. ఐదేండ్ల క్రిందట అటార్నీ జనరలుగ, ఎఫ్. ఇ. స్మిత్ అను పేరుతో, కేస్‌మెంట్‌ను ఉరికంబమున కెక్కించిన అభియోక్త. సంభాషణల కడపటి దినములలో, డిసెంబరు 4న, డఫీ నోటినుండి వెలువడిన యొక మాట సభను ముగించెను. రక్షణాది ముఖ్యవిషయములలో బ్రిటనుతో కలిసి నడచుటకు తమకు అభ్యంతరము లేదనియు, చిక్కంతయు సామ్రాజ్యములో చేరుటలోనే యున్నదనియు ఆయన చెప్పగనే, బ్రిటిషు ప్రతినిధి ఆస్టిన్ ఛేంబర్లేన్ లేచి నిలిచెను, తక్కినవారును లేచిరి. రాజనీతిజ్ఞుడు దాచవలసిన మాటను డఫీ బయటపెట్టెనని కొందఱు తప్పుపట్టిరి. ఉన్న చిక్కును ఉన్నట్లు చెప్పుట ఆయన స్వభావము. ఆ స్వభావము దౌత్యమునకంటె న్యాయపీఠమునకే తగినదని నా యభిప్రాయము.

మఱునాటి సాయంకాలము లాయిడ్ జార్జి, సంతకము చేయనిచో మూడు దినములలో యుద్ధమని హెచ్చరించెను. గ్రిఫిత్ అప్పుడే యొప్పుకొనియుండెను. తక్కినవారు హాన్స్ ప్లేసులోని తమ బసకు తిరిగివచ్చి రాత్రి చాలసేపు తర్జనభర్జనలు పడిరి. కాలిన్స్, డగ్గన్ సమ్మతించిరి. బార్టన్ పెనుగులాడి లొంగెను. అందఱికన్న కడపట, ఒంటివాడై మిగిలి, డఫీ తలయూచెను. డిసెంబరు 6 తెల్లవాఱుజామున రెండు గంటలు దాటిన పిదప సంతకములు జరిగెను. డాయిల్ చర్చలో ఆయన, ఈ సంధిని తాను ఇష్టపడి సమర్థించుట లేదనియు, దీనికి బదులుగ ప్రజల ముందుంచదగిన వేఱుమార్గ మెవ్వరును చూపలేదు కావున ఆమోదింపుడని కోరుచున్నాననియు నిష్కపటముగ పలికెను. 1922 జనవరి 7న 64 ఓట్లకు 57 వ్యతిరేకముగ సంధి ఆమోదము పొందెను. డఫీ విదేశాంగ మంత్రి యయ్యెను.

మంత్రిత్వము ఏడుమాసములైనను నిండుగ నిలువలేదు. జూన్ 28న ప్రభుత్వసైన్యము, సంధివిరోధులు ఆక్రమించియున్న ఫోర్ కోర్ట్స్ న్యాయస్థానభవనముపై ఫిరంగులు పేల్చుటతో అంతర్యుద్ధము మొదలయ్యెను. ఆ భవనమున పట్టువడినవారిలో జార్జి ప్లంకెట్ అను నాతడు విచారణ లేకయే మౌంట్‌జాయ్ చెఱలో నుంచబడగా, అతని తండ్రి హేబియస్ కార్పస్ ఉత్తరువు కోరి డాయిల్ న్యాయస్థానము నాశ్రయించెను. బందీని తెచ్చి న్యాయస్థానము యెదుట నిలుపుము, అతనిని నిర్బంధించుటకు నీకు గల యధికార మేమో చెప్పుము అని అధికారిని ఆజ్ఞాపించు ఉత్తరువది. డాయిల్ న్యాయస్థానములు బ్రిటిషు కోర్టులకు పోటీగ 1920లో విప్లవప్రభుత్వమే స్థాపించినవి. పోలీసుల కనులుగప్పి పల్లెలలో, ఇండ్లలో, రహస్యముగ కూర్చుండి ప్రజల తగవులు తీర్చినవి. వాని న్యాయమూర్తి డియర్మిడ్ క్రౌలీ ఉత్తరువు జారీచేసెను. ప్రభుత్వము ప్రత్యుత్తర మీయలేదు. ఆ న్యాయస్థానములకు మూలమైన శాసనమునే రద్దుచేసెను. తాము పెంచిన న్యాయస్థానము తమనే ప్రశ్నింపగా దాని గొంతు నులుముట డఫీ సహింపలేకపోయెను. జూలైలో రాజీనామా చేసెను. సభ్యుడుగ మాత్రము నిలిచి, ఆ శరదృతువున మొదలైన సైనిక న్యాయస్థానముల మరణశిక్షలను ప్రతిఘటించెను. లండను సంభాషణలకు కార్యదర్శియైన చైల్డర్స్, తన హేబియస్ కార్పస్ అప్పీలు ఇంకను తేలకయే, నవంబరు 24న కాల్చివేయబడెను. 1923 యెన్నికలలో డఫీ ఓడిపోయెను. ఆయన ఎన్నడును తిరిగి శాసనసభలో అడుగుపెట్టలేదు.

న్యాయవాదిగ గడచిన వత్సరములను గూర్చి విస్తరింపనవసరము లేదు. 1929లో సీనియర్ కౌన్సెల్ హోదా లభించెను. 1936లో హైకోర్టు న్యాయమూర్తి యయ్యెను. నియమించినది సంధిని ఎదిరించి ఓడి, తరువాత అధికారమునకు వచ్చిన డి వలేరా ప్రభుత్వము. సంధిపై సంతకము చేసినవానిని సంధివిరోధి న్యాయపీఠమున కూర్చుండబెట్టుట గమనింపదగినది. మఱుసటి సంవత్సరము డి వలేరా క్రొత్త రాజ్యాంగమును రచింపించుచు డఫీ సలహాలనుగూడ స్వీకరించెను. ఈ 1937 రాజ్యాంగము నుండియే మన భారత రాజ్యాంగకర్తలు ఆదేశసూత్రముల భావనను గ్రహించిరి.

1939లో ప్రపంచయుద్ధము సమీపించుచుండ, ఐరిష్ రిపబ్లికన్ సైన్యము ఇంగ్లండులో బాంబులు పేల్చుచుండ, రాజ్యరక్షణ పేరిట నొక కఠినశాసనము వెలసెను. ఒక మనుష్యుడు రాజ్యభద్రతకు భంగకరమైన పనులలో నున్నాడని మంత్రికి నమ్మిక కలిగినచో, ఆ మంత్రి సంతకముతో నతనిని విచారణ లేకయే నిర్బంధింపవచ్చునని అందు వ్రాయబడెను. ఆ విధముగ డబ్లిన్‌లోని ఆర్బర్ హిల్ చెఱలో నిర్బంధింపబడిన బర్క్ అను మేయో మండలవాసి తరఫున న్యాయవాది షాన్ మాక్‌బ్రైడ్ హేబియస్ కార్పస్ కోరెను. విచారించిన న్యాయమూర్తి గావన్ డఫీ. చోటు ఫోర్ కోర్ట్స్: 1922లో కూలి, తిరిగి కట్టబడిన ఆ భవనమే.

డిసెంబరు 1న తీర్పు వెలువడెను. ఒక మనుష్యుడు ఫలానా చేష్టలలో నున్నాడని నిర్ధారించి, దానికి ఫలముగ నతని స్వేచ్ఛను హరించుట న్యాయనిర్ణయమే యగును. న్యాయనిర్ణయము న్యాయమూర్తుల పని, మంత్రి పని కాదు అని ఆయన మొదటి హేతువు. రెండవది ఇంకను లోతైనది. చట్టానుసారముగ తప్ప పౌరుని స్వేచ్ఛ హరింపరాదని రాజ్యాంగము చెప్పినచోట, శాసనసభ చేసిన దంతయు చట్టమే గదా యని ప్రభుత్వము వాదించెను. అట్లయినచో ఆ వాగ్దానమునకు అర్థమే యుండదని డఫీ త్రోసిపుచ్చెను. శాసనసభ తలచిన దినమున తీసివేయగల దానిని రాజ్యాంగము హామీ యని పేర్కొనదు గదా! వ్యక్తి గౌరవమును, స్వేచ్ఛను పీఠికలో ప్రకటించిన రాజ్యాంగము, శాంతికాలమున విచారణలేని నిర్బంధమును సహించునని చదువుటకు ఆయన యొప్పుకొనలేదు. బర్క్ విడుదలయ్యెను. ప్రభుత్వము సుప్రీంకోర్టుకు పోగా, విడుదల చేయు హేబియస్ కార్పస్ ఉత్తరువుపై అప్పీలు చెల్లదని ఆ న్యాయస్థానము పలికెను. అదే శాసనముక్రింద పట్టువడిన 53 మంది బందీలను ప్రభుత్వము విడువవలసివచ్చెను.

మూడు వారములు గడచినంతనే, డిసెంబరు 23 రాత్రి, రిపబ్లికన్ సైన్యము డబ్లిన్ ఫీనిక్స్ పార్కునందలి ఆయుధాగారముపై పడి, పది లక్షలకు పైబడిన తూటాలను లారీల కెత్తుకొని పోయెను. అందు చాలభాగము తిరిగి దొరికెను గాని, తీర్పునకును దోపిడికిని ముడివేసి నిందించుట లోకమునకు సులభమయ్యెను. ప్రభుత్వము వెంటనే శాసనమును స్వల్పముగ మార్చి తిరిగి తెచ్చెను: మంత్రికి ‘నమ్మిక కలిగినచో’ అను చోట మంత్రి ‘అభిప్రాయపడినచో’ అని చేర్చెను. రాష్ట్రపతి ఆ బిల్లును సుప్రీంకోర్టు పరిశీలనకు పంపగా, 1940లో ఆ న్యాయస్థానము దానిని రాజ్యాంగబద్ధమని నిర్ణయించెను. నివారణార్థమైన నిర్బంధము శిక్ష కాదు కావున మంత్రి చేయునది న్యాయనిర్ణయము కాదని వారి తర్కము. 1941లో రాజ్యాంగమునే సవరించి, శాసనము చెల్లదని హైకోర్టు తలంచినచో బందీని విడుచుటకు ముందు ఆ ప్రశ్నను సుప్రీంకోర్టుకు నివేదింపవలెనని కట్టడి చేసిరి. ఒక్క న్యాయమూర్తి వ్రాసిన ఒక్క తీర్పునకై ఒక రాజ్యము శాసనమును, రాజ్యాంగమును మార్చుకొనవలసివచ్చెననగా ఆ తీర్పు బలమెట్టిదో ఊహింపవచ్చును.

తెలుగు పాఠకునకు ఇచ్చట నొక భేదము చెప్పవలసియున్నది. మన రాజ్యాంగపు 22వ అధికరణము విచారణలేని నిర్బంధమును తానే పేర్కొని, దానికి హద్దులు నిర్ణయించినది. 1950లో మద్రాసు ప్రభుత్వపు నిర్బంధమునకు గుఱియైన ఏ. కె. గోపాలన్ కేసున మన సుప్రీంకోర్టు ఆ మాటలనే పట్టుకొని తీర్పు చెప్పెను. ఐరిష్ రాజ్యాంగమున నట్టి స్పష్టమైన అనుమతి లేదు. ఆ మౌనమును డఫీ నిషేధముగ చదివెను. ఆయన పై న్యాయస్థానము అనుమతిగ చదివెను. నా మట్టుకు డఫీ పఠనమే సరియైనదని తోచుచున్నది; పీఠికలో స్వేచ్ఛను చాటి, లోపల మౌనము వహించిన రాజ్యాంగమును ప్రజలపక్షమున చదువుట ధర్మము గదా!

1946లో డఫీ హైకోర్టు అధ్యక్షుడయ్యెను. మఱుసటి యేడే ‘షిన్ ఫేన్ నిధి’ కేసు వచ్చెను. 1922లో ఆ పక్షము చీలినపుడు మిగిలిన డబ్బు 1924 నుండి కోర్టులో జమయై, వడ్డీతో సుమారు 24,000 పౌండ్లకు పెరిగియుండెను. ఆ పేరుతో మిగిలిన చిన్నపక్షము ఆ సొమ్ము తనదని దావా వేయగా, దావా నడుచుచుండగనే శాసనసభ ఒక శాసనము చేసి, అటార్నీ జనరలు కోరినచో కోర్టు ఆ దావాను కొట్టివేయవలెనని ఆజ్ఞాపించెను. అటార్నీ జనరలు కోరెను, డఫీ నిరాకరించెను. న్యాయస్థానమునకు వచ్చిన పౌరుని తగవును మధ్యలో లాగికొనుటకు శాసనసభకు నధికారము లేదనెను. ఈ పర్యాయము సుప్రీంకోర్టు ఆయనను సమర్థించెను. ఐర్లండులో అధికారముల విభజనను గూర్చి చెప్పు ప్రతివాడును నేటికిని ఈ కేసునే ముందుగ తలంచును.

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి డఫీని సర్వజన స్వేచ్ఛాపక్షపాతిగ చిత్రించుట సత్యమునకు పూర్తిగ సరిపోదు. ఆంగ్లేయుల సామాన్యన్యాయము సంస్కరణోద్యమానంతరపు ప్రొటెస్టంటు ఇంగ్లండున పెరిగినది కావున కేథలిక్ ఐర్లండునకు దాని నన్నిట వర్తింపజేయరాదని ఆయన దృఢవిశ్వాసము. 1945లో, ఒక గ్రామగురువు సమక్షమున ఇరుపక్షములు రహస్యముగ మాటలాడుకొనిన విషయమును చెప్పుమని కోర్టు అడుగగా చెప్పనని నిలిచిన ఆ గురువు నేరస్థుడు కాడని తీర్పిచ్చి, ఆంగ్లన్యాయమున లేని యొక రక్షణను నెలకొల్పెను. 1950లో టిల్సన్ కేసున, బిడ్డలను కేథలిక్ మతమున పెంచెదనని వివాహమునకు ముందు వ్రాసియిచ్చి, పిదప వారిని ప్రొటెస్టంటు శరణాలయమున చేర్చిన తండ్రినుండి తీసి తల్లి కప్పగించెను. బిడ్డలపై తండ్రి మాటయే చెల్లునను పాత నియమమును దీనితో త్రోసివేసి, పెంపకమున తల్లిదండ్రుల కిరువురకు సమానమైన హక్కు నిచ్చుట యొక లాభము; కాని తీర్పులోని కేథలిక్ ధోరణి ప్రొటెస్టంటులకు భీతి కలిగించెను. సుప్రీంకోర్టు ఒక్కరు విభేదింపగా ఆ తీర్పును ఖాయపఱచెను.

ఒక తీర్పు మాత్రము సమర్థనకు లొంగదు. 1942 నాటి ష్లెగెల్ కేసున, దంతవైద్యశాల నడుచుచున్న గదులను యూదుడైన మఱియొక దంతవైద్యునకు బదలాయించుటకు ఇంటియజమానురాలు సమ్మతింపకపోగా, ఆ నిరాకరణ అన్యాయము కాదని ఆయన తేల్చెను. యూరపులో యూదులకు సంభవించుచున్న ఘోరము నెఱిగిన సంవత్సరములలో, వ్యక్తి గౌరవమును గూర్చి అంత గంభీరముగ వ్రాసిన చేయియే, ఒక మనుష్యుని జాతిని ఇల్లు నిరాకరించుటకు తగిన హేతువుగ అంగీకరించుట చూచి మనస్సు నొచ్చుచున్నది. దీనిని కప్పిపుచ్చి ఆయన కీర్తిని చెప్పుట న్యాయము కాదు.

టిల్సన్ తీర్పు వెలువడిన మఱుసటి సంవత్సరము, 1951 జూన్ 10న, పదవిలో నుండగనే డఫీ డబ్లిన్‌లో మరణించెను. ఆయన స్థానమున హైకోర్టు అధ్యక్షుడైనవాడు కాహిర్ డేవిట్. భూస్వాములపై పోరాడిన మైకేల్ డేవిట్ కుమారుడాతడు. యువకుడై యుండగా, 1920లో, డఫీ యే న్యాయస్థానముల రద్దునకు నొచ్చి మంత్రిపదవిని విడిచెనో ఆ డాయిల్ న్యాయస్థానములలో న్యాయమూర్తిగ కూర్చుండినవాడు.